టీచరమ్మ ఉంచమన్న ఆట

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద, బస్టాండు దాటి కొంచెం ముందుకెళితే, ఒక పాత మేడ ఉండేది. పైన కరుణమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్. కింద అబ్దుల్ మజీద్ రేడియో రిపేరు షాపు. మెట్లు షాపు పక్కనుంచే పైకి వెళ్ళేవి కాబట్టి కరుణమ్మ రోజూ పొద్దున్నే “ఏం అన్నా, బాగున్నారా” అని పలకరించి ఎక్కేది. ఆయన తల ఎత్తకుండానే “బాగున్నా టీచరమ్మా” అనేవాడు. ఆరేళ్ళపాటు వాళ్ళ మధ్య నడిచిన మాటలు అంతే.

కరుణమ్మది మాచర్ల. నాన్న ఇస్సాకు నాపరాయి క్వారీలో పనిచేశాడు. మిషన్ స్కూల్లో చదువుకుని, గుంటూరులో టైపు నేర్చుకుని, రెండు పాత మిషన్లతో పేటలో ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. అవి ఆరయ్యాయి. భర్త ప్రభాకరరావు విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోయేవాడు. పిల్లలు కలగలేదు. ఎవరన్నా ఆ మాట ఎత్తితే ఆమె నవ్వి, “నాకు ఏడాదికి అరవై మంది, ఇంకెందుకు” అనేది. ఆ అరవై మందికీ ఆమె అంటే భయం. ఎవరన్నా అక్షరం కోసం వేళ్ళకేసి చూశారంటే చెక్క స్కేలుతో బల్ల మీద ఒక్కటి కొట్టేది.

ఎనభై నాలుగు ఎండాకాలంలో మజీద్ రేడియో సామాను తెస్తానని మద్రాసు వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు లారీలో గోనెపట్టాలు చుట్టిన నాలుగు పెట్టెలు తెచ్చాడు. ఒక్కొక్కటి బీరువా అంత ఉంది. బజారంతా వచ్చి చూసింది. ఫ్రిజ్జులన్నారు కొందరు. పట్టాలు విప్పితే ముందు టీవీ లాంటి అద్దం, కింద ఒక హ్యాండిల్, రెండు బటన్లు. బిళ్ళ వేస్తే అద్దంలో బొమ్మలు కదులుతాయి, మనం వాటిని ఆడించొచ్చు. వీడియో గేములంటారు వీటిని అని మజీద్ చెప్పాడు. అంతకుమించి ఆయనకీ తెలీదు.

మూడు రోజులు కరుణమ్మ ఓర్చుకుంది. కిందనుంచి డుంబు డుంబుమని ఒకటే మోత. పైన ఆరు మిషన్ల మీద కూర్చున్నవాళ్ళ చేతులు తడబడుతున్నాయి. టైపు లోయర్ పరీక్షకి ఇంకా నెల రోజులే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం ఆమె స్కేలు చేత్తో పట్టుకునే కిందికి దిగింది. ఆ కూతలు తగ్గించకపోతే తన పిల్లలు తప్పుతారని గట్టిగానే చెప్పింది.

మజీద్ నెమ్మది మనిషి. గొడవ పడలేదు. సౌండు తగ్గించే మర లోపలుంది, వెనక చెక్క ఊడదియ్యాలి, స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టానో చూస్తానన్నాడు. ఈలోపు ఆట ఆగిపోతే సౌండు సరిగ్గా తెలీదు కాబట్టి ఆ హ్యాండిల్ పట్టుకుని కాసేపు ఆడుతూ ఉండమన్నాడు.

ఆమె విసుగ్గా పట్టుకుంది. అద్దంలో వరసలు వరసలుగా పురుగులు. అవి ఓ పక్కనుంచి ఇంకో పక్కకి జరుగుతూ, మెల్లగా కిందికి దిగుతున్నాయి. కిందనుంచి మనం కాల్చాలి. రెండు నిమిషాలు ఆడేసరికి ఆమెకి ఒక సంగతి తెలిసింది. ఆ డుంబు డుంబుమనే మోత ఊరికే రావడం లేదు. పురుగులు అడుగు వేసినప్పుడల్లా ఒక దెబ్బ. పురుగులు తగ్గేకొద్దీ దెబ్బల వేగం పెరుగుతోంది. తను ఆరేళ్ళుగా స్కేలుతో బల్ల మీద కొట్టి నేర్పుతున్నది ఇదే. టైపులో వేళ్ళకన్నా ముందు తాళం రావాలి. అక్షరానికి అక్షరానికి మధ్య ఎడం ఒక్కలా ఉండాలి, ఆ ఎడం రోజురోజుకీ తగ్గాలి.

మజీద్ స్క్రూడ్రైవర్ దొరికిందని వచ్చి వెనక చెక్క ఊడదీశాడు. ఆమె తల తిప్పకుండానే, “ఉండన్నా. తగ్గించొద్దు,” అంది.

మర్నాడు క్లాసులో కింద దెబ్బకి ఒక అక్షరం కొట్టమంది. ముందు నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు. కింద ఆడేవాడు పురుగుల్ని చంపేకొద్దీ పైన ఆరు మిషన్లూ వేగం అందుకునేవి. కింద వాడు ఓడిపోతే పైన అందరూ ఒక్కసారి ఆగి చెమట తుడుచుకునేవాళ్ళు. పరీక్ష దగ్గరపడ్డాక పిల్లలే బజారులో బాగా ఆడేవాడెవడో కనుక్కుని, వాణ్ణి బతిమాలి తెచ్చి కింద నిలబెట్టారు. ఆ ఏడు ఇరవై నాలుగు మందికి ఇరవై ఇద్దరు పాసయ్యారు.

ఆమెకీ అలవాటయింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఇన్‌స్టిట్యూట్‌కి విరామం. ఆ ఎండలో షాపులోనూ ఎవరూ ఉండరు. అన్నం తిని కిందికి దిగి ఒకటి రెండు ఆటలు ఆడేది. ఆడేవాళ్ళంతా బటన్ ఎక్కడుందా అని చేతులకేసి చూస్తూ దెబ్బ తినేవాళ్ళు. ఆమె పదేళ్ళుగా చేతులకేసి చూడని మనిషి. కళ్ళు అద్దం మీదే ఉండేవి. నెల తిరిగేసరికి అందరికన్నా పైన మూడు ఇంగ్లీషు అక్షరాలు కె, ఆర్, ఎన్ కనపడసాగాయి. అవి ఎవరివో తెలియక కుర్రకారు చానాళ్ళు తన్నుకున్నారు.

ఆ డిసెంబరులో అసలు కథ మొదలైంది. మద్రాసు వ్యాపారి పెట్టిన పద్ధతి ఏంటంటే, ఏడాదికోసారి పాత ఆటలు వెనక్కిచ్చి కొత్తవి తెచ్చుకోవచ్చు. పెట్టెలు అవే ఉంటాయి. లోపల ఆట ఉండే బోర్డు ఒకటి మారుద్ది, అంతే. మూడు పెట్టెల్లో మూడు ఆటలు వస్తాయి. పోయేటప్పుడు వాటిల్లో ఒకటి మాత్రం మనం ఉంచుకోవచ్చు. అలా ఉంచుకున్న వాటిని గుమ్మం పక్కన నాలుగో పెట్టెలో మార్చి మార్చి పెట్టుకుందామని మజీద్ అనుకున్నాడు.

ఏది ఉంచమంటారని వచ్చినవాళ్ళని అడిగాడు. అడక్కుండా ఉంటే బాగుండేది. విమానం ఆట అన్నవాళ్ళూ, చంద్రుడి మీద బండి ఆట అన్నవాళ్ళూ కాలర్లు పట్టుకునేదాకా వచ్చారు. చివరికి ఎవరో, టీచరమ్మనడుగుదాం, ఆమెకి ఏ జట్టూ లేదుగదా అన్నారు. మజీద్ ఆమెని పిలిచాడు. ఆమె మెట్ల మీద నిలబడే చెప్పింది. పురుగుల ఆట ఉంచమంది. పైన ఇరవై ఇద్దరు ఎందుకు పాసయ్యారో కూడా చెప్పింది. రెండు జట్లూ ఒప్పుకున్నాయి. మజీద్ సుద్దముక్కతో లోపలి గోడ మీద రాశాడు: 1984 - పురుగులు.

ఆ రోజునుంచి అది ఆనవాయితీ అయింది. ఏటా క్రిస్మస్‌కి ముందు ఆదివారం టీచరమ్మ ఒక ఆట చెబుతుంది. ఎందుకో కూడా చెప్పాలి.

ఎనభై అయిదులో మూడు ఆటలొస్తే అందులో ఒకటి పసుపుపచ్చ మూతి. గదులన్నీ తిరుగుతూ చుక్కలు మింగుద్ది. దానికి గుటకల ఆట అని పేరు పెట్టారు. పేట మొత్తం దానికి దాసోహం. అదే ఉంటుందని అందరూ అనుకున్నారు. కరుణమ్మ కప్ప ఆట అంది. ఒక కప్ప రోడ్డు దాటాలి, అటూ ఇటూ బళ్ళు దూసుకొస్తుంటాయి, రోడ్డు దాటితే నీళ్ళు. కారణం చెప్పమంటే, పైన తన కిటికీలోంచి రోజూ అదే చూస్తున్నానంది. మాచర్ల రాళ్ళ లారీలు, మిరపకాయల గోనె టిక్కీల లారీలు, కారంపూడి బస్సులు, మధ్యలో ఒక కాలు ముందుకేసి ఒక కాలు వెనక్కి తీసే జనం. “ఇన్నిట్లో మన ఊరి ఆట ఇదొక్కటే” అంది. అందరూ నవ్వేశారు. గుటకల ఆట మద్రాసు వెళ్ళిపోయింది.

తర్వాతి ఏడు ఆమె తండ్రి ఇస్సాకు కంటికి శుక్లం తీయించుకోవడానికి పేట వచ్చాడు. ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక నల్ల కళ్ళద్దాలు పెట్టి, రెండు వారాలు ఎండలో తిరగొద్దని పంపారు. ఇంట్లో ఒక్కడే కూర్చోలేక కూతురితోపాటు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, ఆ టకటకలు భరించలేక కిందికి దిగి మజీద్ షాపులో బెంచీ మీద కూర్చునేవాడు.

ఆయన మాట తక్కువ. ముప్పై ఏళ్ళు క్వారీలో చేశాడు గానీ ఆ పని గురించి ఇంట్లో ఒక్క మాట చెప్పి ఎరగడు. చిన్నప్పుడు కరుణమ్మ అడిగితే, ఏముంది, రాయి తీస్తాం అనేవాడు. అంతే.

ఆ ఏడు వచ్చిన ఆటల్లో ఒకటి ఎవరికీ పట్టలేదు. ఒక మనిషి భూమిలోకి తవ్వుకుంటూ పోతాడు. లోపల భూతాలుంటాయి. అక్కడక్కడా బండరాళ్ళు. నిదానంగా నడిచే ఆట. విరామంలో కరుణమ్మ ఒక రోజు అది ఆడుతోంది. వెనక తండ్రి వచ్చి నిలబడ్డాడు. ఆమె ఒక బండ కిందుగా తవ్వుకుంటూ పోతోంది.

“ఆగు. పక్కకి రా,” అన్నాడాయన.

ఆ గొంతు విని ఆమె చెయ్యి దానంతటదే హ్యాండిల్ పక్కకి లాగింది. మరుక్షణం బండ కిందపడి, వెంటపడుతున్న భూతం దాని కింద నలిగిపోయింది.

“ఎట్టా తెలిసింది నాయనా?”

“రాయి పడేముందు వణుకుద్ది. చూడలా?”

నిజమే. పడబోయే ముందు ఆ బండ అటూ ఇటూ చిన్నగా కదులుతోంది. రెండు నెలలుగా అప్పుడప్పుడు ఆడి చూసినవాళ్ళెవరూ అది గమనించలేదు. కరుణమ్మ మళ్ళీ బిళ్ళ వేసింది. ఆయన వెనక నిలబడి చెబుతూనే ఉన్నాడు. ఆ బండ కింద తవ్వొద్దు, దానికి ఆసరా లేదు. ఇక్కడ ఇంత మట్టి ఉంచు. ఇప్పుడు తియ్యి. చెబుతూ చెబుతూ, ఆట సంగతి వదిలేసి, నువ్వు పుట్టిన ఏడు మా క్వారీలో అని మొదలుపెట్టాడు. పైపొర చిన్నగా వణకడం తనొక్కడే చూశాడట. కింద పెదకోటయ్య గునపం వేస్తున్నాడు. కేక వేసే టైము లేదు. జుట్టు పట్టుకుని ఇవతలికి ఈడ్చాడట. పెదకోటయ్య లేచి, జుట్టు ఎందుకు పట్టుకున్నావని కొట్టబోయాడట. వెనక్కి తిరిగి, తను నిలబడ్డ చోట పడి ఉన్న బండ చూసి, అక్కడే కూలబడ్డాడట. అప్పట్నుంచి పెదకోటయ్య పండక్కి ఒక కోడిపుంజు పంపేవాడు. ఆ కోడి ఎందుకొస్తుందో ఇంట్లో ఎవరికీ తెలీదు.

కరుణమ్మకి ఆ కోళ్ళు గుర్తున్నాయి. ఆట ఎప్పుడు అయిపోయిందో ఆమె చూసుకోలేదు. బల్ల దగ్గర మజీద్ రిపేరు చేస్తున్న రేడియో ఆపేసి వింటున్నాడు.

రెండు వారాలకని వచ్చిన ఇస్సాకు నెల రోజులున్నాడు. రోజూ ఒంటిగంటకి కూతురికన్నా ముందే మిషన్ దగ్గర నిలబడేవాడు. హ్యాండిల్ మాత్రం ముట్టుకునేవాడు కాదు. తన చెయ్యి గునపానికి అలవాటు పడ్డది, ఇది తట్టుకోదనేవాడు. వెళ్ళే రోజు మాత్రం, ఒక్కసారి చూస్తానని పట్టుకున్నాడు. బటన్ ఎంత గట్టిగా నొక్కాడంటే అది లోపలికి పోయి మళ్ళీ పైకి రాలేదు. మజీద్ ఆయన్ని బస్సెక్కించి వచ్చాక కొత్త బటన్ వేశాడు. ఆ సంగతి ఇస్సాకుకి చెప్పొద్దన్నాడు.

ఆ డిసెంబరులో షాపు కిటకిటలాడింది. ఆ ఏడు గుద్దులాట ఒకటి వచ్చింది. దానికోసం జనం వరసలు కట్టారు. కరుణమ్మ వచ్చి, తవ్వే ఆట ఉంచండి అంది. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ఆట ఆడేది ఆమె ఒక్కతే. ఆమె మెట్టు దిగి వాళ్ళ మధ్యకి వచ్చి నిజం చెప్పేసింది. న్యాయంగా అడిగితే గుద్దులాటే ఉంచాలి. ఇది తన కోసం. తనని అడిగారు కాబట్టి తనకి నచ్చింది చెబుతోంది. వద్దనుకుంటే వచ్చే ఏడు ఇంకొకళ్ళని అడగండి, ఏమీ అనుకోను అంది.

మజీద్ సుద్దముక్క తీసి రాశాడు: 1986 - తవ్వేది.

అందరికన్నా ఎక్కువ మండిపడ్డది మస్తాన్‌రావు. అతను లారీ డ్రైవరు. మాచర్లనుంచి నాపరాళ్ళు వేసుకుని మద్రాసు దారిన పోయేవాడు. పేటలో ఆగినప్పుడల్లా గుద్దులాట దగ్గరే ఉండేవాడు. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. వచ్చే ఏడు ఆ టీచరమ్మ చెప్పేదేంది, పోటీ పెట్టుకుందాం, గెలిచినోళ్ళు చెప్పాలి అని బజారులో అన్నాడు. ఆ మాట కరుణమ్మకి చేరింది. సరే, ఆట కూడా ఆయన్నే ఎంచుకోమని కబురు పంపింది.

ఎనభై ఏడులో కార్ల పందెం వచ్చింది. దాని బోర్డుతోపాటు, హ్యాండిల్ తీసేసి బిగించుకోవడానికి స్టీరింగ్, కింద తొక్కడానికి పెడల్ కూడా పంపారు. మస్తాన్‌రావు వేరే ఆటకేసి చూడలేదు. తను పదిహేనేళ్ళుగా స్టీరింగ్ పట్టినవాడు, ఆమె సైకిలు కూడా తొక్కి ఎరగదు.

పోటీ క్రిస్మస్ ముందు ఆదివారమే పదకొండింటికి పెట్టారు. కరుణమ్మ చర్చినుంచి తెల్లచీరతో సరాసరి అక్కడికే వచ్చింది. పక్కన టీ బంకు మూసేశారు, టీ కాచేవాడే చూడ్డానికొచ్చాడు కాబట్టి. మూడు ఆటలు. మొదటిది ఆమె గెలిచింది. మస్తాన్‌రావు నిజం లారీ తోలినట్టు మలుపు దగ్గర మర్యాదగా వేగం తగ్గించి వెనకపడ్డాడు. రెండోదానికి అతనికి కిటుకు తెలిసింది, గెలిచాడు. మూడోదాంట్లో ఆమె కారు మూడుసార్లు గోడకి గుద్దుకుంది. నాలుగోసారి తనే పగలబడి నవ్వి స్టీరింగ్ వదిలేసింది.

షాపంతా ఈలలు. ఆమె లేచి, “గెలిచారు. ఏది ఉంచాలో చెప్పండి. ఎందుకో కూడా చెప్పాలి మరి,” అంది.

కార్ల పందెమే అన్నాడు మస్తాన్‌రావు. ఎందుకనేసరికి మాత్రం స్టీరింగ్‌కేసి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎగతాళి మొదలుపెట్టారు. అతను మెడ మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“ఇందులో బండి ఎన్నిసార్లు బోల్తా కొట్టినా ఎవరూ చావరు,” అన్నాడు.

ఎగతాళి ఆగిపోయింది. ఆ సంగతి పేటలో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ కిందట కారంపూడి దగ్గర మలుపులో అతని లారీ పక్కకి ఒరిగిపోయి, క్లీనరు జానీ చనిపోయాడు. తప్పు ఎదురుగా వచ్చినవాడిదేనని అందరూ చెప్పారు. మస్తాన్‌రావు మూడు నెలలు లారీ ఎక్కలేదు. తర్వాత ఎక్కాడు గానీ, దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడాడు. ఈ ఆటలో కారు పల్టీ కొట్టగానే మళ్ళీ కొత్త కారు వచ్చి రోడ్డు మీద నిలబడుద్ది. అది చూడ్డానికే రోజూ వస్తున్నా, గెలవడానికి కాదు అన్నాడు.

కరుణమ్మ బల్ల మీది సుద్దముక్క తీసి మజీద్ చేతికిచ్చింది. తర్వాత, “మూడేళ్ళుగా నేను చెప్పిన కారణాలన్నిటికన్నా ఇది బాగుంది,” అంది.

మజీద్ గోడ మీద రాశాడు. మస్తాన్‌రావు దగ్గరికొచ్చి మెల్లగా ఏదో అడిగాడు. మజీద్ మళ్ళీ సుద్దముక్క తీసి ఆ వరస చివర జానీ పేరు కూడా రాశాడు. అప్పట్నుంచి మస్తాన్‌రావు లారీ ఆ మేడ ముందునుంచి పోయేటప్పుడు రెండుసార్లు హారన్ కొట్టేది. పైన మిషన్ల మీద ఉన్నవాళ్ళు రెండు అక్షరాలు తప్పు కొట్టేవాళ్ళు. ఆమె తిట్టేది కాదు.

ఇదంతా జరుగుతున్నా, ప్రభాకరరావుకి మాత్రం ఏమీ తెలీదు. ఆదివారాలు ఊళ్ళోనే ఉన్నా, చర్చి అయ్యాక ఇన్‌స్టిట్యూట్‌లో పనుందని ఆమె అంటే నమ్మేవాడు. ఆయన ఫైళ్ళ మనిషి. సాగర్ కాలవల్లో ఎన్ని క్యూసెక్కులు వదిలారో వారం వారం రాసి పైకి పంపడం ఆయన పని. ఇంటికొచ్చినా అలాగే ఉండేవాడు. ఎనభై ఎనిమిది వానాకాలంలో ఒక రోజు ఆఫీసులో కొత్తగా చేరిన నరసరావుపేట మనిషి, మీ మిసెస్ వీడియో గేముల్లో చాంపియనంట గదా సార్ అన్నాడు. ప్రభాకరరావు ఏదో పొరపాటన్నాడు. ఆ మనిషి కప్ప దగ్గర్నుంచి కార్ల పందెం దాకా వరసగా చెప్పాడు.

గురువారంనాడు సెలవు పెట్టి, చెప్పకుండా మధ్యాహ్నం బస్సుకి పేటలో దిగాడు. ఒంటిగంటన్నర. పైన ఇన్‌స్టిట్యూట్ ఖాళీ. కింద షాపులో భార్య అద్దం ముందు నిలబడి ఆడుతోంది. ఆ ఏడు వచ్చిన బుడగల ఆట అది. చిన్న డ్రాగన్ పిల్ల బుడగలు ఊది అందులో శత్రువుల్ని బంధిస్తుంది. కరుణమ్మకి అద్దంలో భర్త నీడ కనపడింది. అయినా చెయ్యి ఆగలేదు. ఆట మధ్యలో ఉంది. ఆయన కూడా కదలకుండా నిలబడ్డాడు. ఆట అయ్యాక అడిగాడు, ఎన్నాళ్ళనుంచి అని.

“నాలుగేళ్ళు.”

“నాకెందుకు చెప్పలా?”

శనివారం వస్తారు, ఆదివారం చర్చి, బట్టలు, బజారు, సోమవారం వెళతారు, టైమేదీ అంది ముందు. అది నిజమే గానీ, అసలు సంగతి అది కాదు. అది కూడా చెప్పింది. “చెబితే వద్దంటారేమోనని.”

ప్రభాకరరావు ఒకడుగు ముందుకేశాడు. మిషన్‌కేసి చూశాడు. ఆ ఆట ఇద్దరు కలిసి ఆడొచ్చు కాబట్టి మజీద్ దానికి రెండో హ్యాండిల్ బిగించాడు. ఈ రెండోది ఎవరిదని అడిగాడు. ఎవరన్నా వస్తే వాళ్ళది అంది ఆమె. ఆయన చేతిసంచి గోడవారగా పెట్టి, చొక్కా చేతులు మడిచి, పక్కన నిలబడ్డాడు.

నిమిషంలో చచ్చాడు. బిళ్ళ ఇమ్మన్నాడు. ఆయన ఆడే తీరు ఫైలు చూసినట్టు ఉంది. తన పక్కన ఉన్న బుడగలన్నీ ఒక్కటీ వదలకుండా పగలగొడితే గానీ అడుగు ముందుకెయ్యడు. ఈలోపు అద్దంలో పైవరసలో ఆమె ఒక్కతే నలుగురితో పోరాడుతోంది. అక్కడేం చేస్తున్నారు, పైకి రండి అని ఆమె అరిచింది. ఎట్టా రావాలి అని ఆయన అరిచాడు. నేను ఊదిన బుడగ మీద ఎక్కండి అంది. ఆయన ఎక్కాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. పన్నెండేళ్ళ కాపురంలో బియ్యం, అద్దె, బస్సు టైములు తప్ప పెద్దగా మాట్లాడుకోని మనుషులు. ఆ మధ్యాహ్నం రెండుంబావుదాకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. పైన పిల్లలు వచ్చి కూర్చుని, టీచరమ్మ రాకపోతే వాళ్ళంతట వాళ్ళే మొదలుపెట్టారు.

ఎందుకొచ్చాడో చెప్పకుండానే ఆయన సాయంత్రం బస్సెక్కాడు. ఆ వారంనుంచి శనివారం సాయంత్రం బస్సుకి బదులు మధ్యాహ్నం బస్సుకి రావడం మొదలుపెట్టాడు.

క్రిస్మస్ ముందు ఆదివారం కరుణమ్మ బుడగల ఆట ఉంచమంది. కారణం అడిగితే, ఏమీ లేదంది. అంతకుముందు ఎప్పుడూ అలా అనలేదు. ప్రభాకరరావు గుమ్మం దగ్గర నిలబడి చెప్పుల కేసి చూసుకుంటున్నాడు. మస్తాన్‌రావు, కారణం మాకు తెలుసులే, చెప్పక్కర్లేదు అన్నాడు. మజీద్ రాసేశాడు.

మరుసటి ఎండాకాలంలో విజయపురి సౌత్ ఆఫీసులో తెలుగు టైపిస్టు కావాలన్నారు. కరుణమ్మ దరఖాస్తు పెట్టింది, ఉద్యోగం వచ్చింది. క్వార్టర్ ఇచ్చారు. ఇన్‌స్టిట్యూట్ మైమూనాకి అప్పగించింది. మైమూనా పురుగుల ఏడు పాసైన ఇరవై ఇద్దరిలో ఒకతి, తర్వాత హయ్యర్ కూడా పాసైంది. సామాను లారీ మస్తాన్‌రావుదే. మజీద్ వచ్చి బస్సు దగ్గర నిలబడి, డిసెంబరులో వస్తారుగా టీచరమ్మా అన్నాడు. తప్పకుండా వస్తానంది.

డిసెంబరులో ఆఫీసులో తనిఖీ వచ్చింది. సెలవు ఇవ్వలేదు. రాలేనని కార్డు రాసింది. వారానికి మజీద్ నుంచి ఇన్లాండ్ కవరు వచ్చింది. ఈ ఏడు ఆటలు ఆలస్యంగా, మీరు వెళ్ళాకే వచ్చాయి, మీరు రాలేకపోతే ఆటలే మీ దగ్గరికి పంపుతున్నా, చదివి చెప్పండి అని మొదలుపెట్టాడు. మజీద్ తెలుగు అక్షరాలు పెద్దవి, వంకరవి. మొదటి ఆట గురించి రెండు వరసలు రాశాడు: పడవల యుద్ధం, రంగులు బాగున్నాయి. రెండోదాని గురించి ఒకటే వరస: ఇద్దరు కొట్టుకుంటారు, జనం బాగా ఆడుతున్నారు.

మూడోదాని గురించి మిగిలిన కాగితమంతా రాశాడు. పైనుంచి ముక్కలు పడతాయి టీచరమ్మా. ఒక్కోటి ఒక్కో ఆకారం. కిందపడేలోపు తిప్పి, సందు చూసి సర్దాలి. వరస నిండితే మాయమవుద్ది. ఎవర్నీ చంపేది లేదు, ఎవరూ వెంటపడరు. పొడుగు ముక్క కోసం ఒక సందు ఖాళీగా ఉంచుకోవాలి, అది ఎప్పుడొస్తుందో తెలీదు, అయినా ఉంచుకోవాలి. కాగితం అయిపోతే అంచుల్లో రాశాడు. అంచులు కూడా అయిపోతే, కవరు మడత పెట్టే చోట, మిషన్ సరిగ్గా ఉందో లేదో పరీక్ష చెయ్యడానికి పదకొండుసార్లు ఆడాను అని రాశాడు.

కరుణమ్మ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, భర్తకి కూడా చదివి వినిపించింది. అప్పుడు ఆమెకి తట్టింది. అయిదేళ్ళలో మజీద్ ఒక్కసారి కూడా మిషన్ ముందు నిలబడి ఆడగా ఎవరూ చూడలేదు. ఆయన ఎప్పుడూ వెనకవైపు స్క్రూడ్రైవరుతోనే ఉండేవాడు. ఏటా ఏది ఉంచమంటారని వేరేవాళ్ళని అడిగాడు. ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

మర్నాడు భోజనం టైములో ఆఫీసు తెలుగు మిషన్ మీద కాగితం ఎక్కించి, ఆఫీసు ఉత్తరంలాగే పైన విషయం, దాని కింద సూచిక పెట్టి టైపు చేసింది. మూడో ఆట ఉంచవలసిందిగా తెలియజేయడమైనది. కారణం మీ ఉత్తరంలోనే ఉన్నది. ఇకమీదట పరీక్ష పేరు చెప్పకుండా ఆడుకోగలరు. కింద సంతకం పెట్టింది. పక్క సీటు పెద్దగుమాస్తా తొంగి చూసి, ఇది ఏ శాఖకి సంబంధించిందమ్మా అని అడిగాడు. ఆమె నవ్వాపుకుని, చాలా ముఖ్యమైంది సార్ అంది.

తర్వాత సంగతి మైమూనా రాసిన ఉత్తరంలో తెలిసింది. పోస్టు వచ్చేసరికి షాపు నిండా జనం ఉన్నారట. మజీద్ ఆ కాగితం చదువుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీద రేడియో మీద గుడ్డ కప్పాడు. ముక్కల ఆట ముందున్న మనిషిని భుజం మీద తట్టి పక్కకి జరగమన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అప్పుడే లారీ ఆపి వచ్చిన మస్తాన్‌రావు, మీరు కాగానే నాది అన్నాడట. మస్తాన్‌రావు టీ తెప్పించుకున్నాడు, తాగాడు, ఇంకోటి తెప్పించుకున్నాడు. మజీద్ లేవలేదు. పొడుగు ముక్క వచ్చినప్పుడల్లా ఆయన చిన్నపిల్లాడిలా స్టూలు మీద కొంచెం ఎగిరేవాడని మైమూనా రాసింది. ఆ రోజు మస్తాన్‌రావు లారీలో నాపరాళ్ళు మద్రాసు దారికి ఎక్కేసరికి మధ్యాహ్నం మూడయిందట.